మూడో నంబరు కుందేలు

మునస్వామి ఇరవై రెండేళ్లుగా తిరుపతి శివార్లలోని ఒక పరిశోధనాలయంలో కుందేళ్లను సాకుతున్నాడు. సొంతూరు కార్వేటినగరం పక్కన. ఆయన చెయ్యి పడితే కుందేలు కిక్కురుమనదని పేరు. చెవి అంచున రోమాలు గొరిగి నరం చూపిస్తే, సూది గుచ్చేవాళ్ల పని సగం అయిపోయినట్టే.

ఆ ఏడు రూపశ్రీ అనే పరిశోధక విద్యార్థిని నాలుగు కుందేళ్లను తీసుకుంది. మామిడి తోటల్లో కొట్టే మందు గడ్డిమీద పడితే, ఆ గడ్డి మేసిన గొర్రెలకు ఏమవుతుందన్నది ఆమె చదువు. ఒంట్లో చేరిన విషాన్ని విరిచే ఎంజైము ఒకటి కాలేయంలో ఉంటుంది. గొర్రె కాలేయం నుంచి దాన్ని వేరుచేసి కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు నెత్తురు అది పరాయిదని పసిగట్టి, దాన్నే వెతికి అంటుకునే యాంటీబాడీని తయారు చేస్తుంది. ఆ యాంటీబాడీ చేతిలో ఉంటే ఏ గొర్రె కాలేయంలోనైనా ఆ ఎంజైమును కనిపెట్టవచ్చు. మూడు నెలల సూదుల తరువాత, మూడో నంబరు కుందేలు నెత్తురే బాగా పనికొచ్చేలా తేలింది.

జూన్‌లో ఒక ఆదివారం. ముందురోజు గాలివానకు కుందేళ్ల గది వెనక తలుపు విరిగిన సంగతి ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నం మేత వేయడానికి వచ్చిన మునస్వామికి లోపల బోన్లు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే ఐదు వీధికుక్కలు. నేలంతా నెత్తురు, తెల్లటి బొచ్చు. రెండు కుందేళ్లు అప్పటికే చచ్చి పడున్నాయి. ఇంకోదాన్ని రెండు కుక్కలు చెరోవైపు లాగుతున్నాయి. ఆయన చూస్తుండగానే అది చీలిపోయింది. మూడో నంబరు బోను బోర్లాపడింది. ఊచల సందులోంచి దాని వెనక కాలు ఒక కుక్క నోట్లో ఉంది. కుందేలు పసిబిడ్డలా అరుస్తోంది.

తలుపు వెనక ఉన్న ఇనుప కమ్మీ ఆయన చేతికి దొరికింది. మొదటి దెబ్బ కుక్క వీపున పడింది. అది వదల్లేదు. రెండోది దవడ మీద పడింది. ఎముక పటుక్కుమంది. ఇంతలో ఇంకొకటి ఎగిరి ఆయన ఎడమ ముంజేతిని కరిచి పట్టుకుంది. పళ్లు లోపలిదాకా దిగాయి. చెయ్యి లాక్కోకుండా ఆ కుక్కను గోడకేసి అదిమి, కమ్మీతో తలమీద కొట్టాడు. అది చచ్చిన తరువాత కూడా కొడుతూనే ఉన్నాడు. మిగిలినవి పారిపోయాయి.

ఫోనందుకుని రూపశ్రీ వచ్చేసరికి ఆయన చేతికి తువ్వాలు చుట్టుకుని, కుందేలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పద అన్నా ఆసుపత్రికి."

"మూడోది బతికుండాది పాపా. కాలే పోయింది."

ఆమె దాని పొట్ట తడిమింది. చల్లబడుతోంది. "ఇది సాయంత్రందాకా ఉండదన్నా," అంది తలెత్తకుండా. "ఉన్న నెత్తురంతా ఇప్పుడే తీసుకోవాల. మత్తిస్తా, దానికి నొప్పి తెలీదు."

మునస్వామి కుందేలు చెవులు నిమిరాడు.

"దీన్ని ఇడిపించేదానికి ఒక ప్రాణం తీసినాను పాపా."

"తెలుసన్నా."

"ఇంకొకరు పట్టుకుంటే బెదురుతాది. నేనే పట్టుకుంటా."

పట్టుకున్నాడు. గుండెలోంచి సూదితో నెత్తురు లాగుతున్నంతసేపూ కుడిచెయ్యి దాని మెడ కిందే ఉంచాడు. ఆ తరువాతే ఆసుపత్రికి కదిలాడు.

పది రోజులకు రూపశ్రీ ఆ నెత్తురుతో చేసిన పరీక్ష తాలూకు కాగితంలాంటి తెల్లటి పొర తెచ్చి చూపించింది. గొర్రె కాలేయపు రసం పారిన దారిలో ఒకేచోట నల్లటి గీత. "ఎంజైము ఈడుందని చెప్తాండాది. ఎంత తేటగా వచ్చిందో సూడన్నా." బాగుందన్నాడు. ఆయన కళ్ల ముందు మాత్రం కుందేలు కాదు, నలిగిన కుక్క తల మెదిలింది. అంతవరకు ఆయన ఏ జంతువునూ కొట్టి ఎరగడు.

కుక్కకాటు సూదులు పూర్తయ్యాక తోటపనికి మార్చమని అడిగాడు. మార్చారు. ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆగస్టులో కొత్త కుందేళ్లు వచ్చినప్పుడు రూపశ్రీ కలుపు తీస్తున్న ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. ఎందుకొచ్చిందో ఆయనకు తెలుసు.

"కుందేలును పట్టేదెట్టో నేర్పిస్తా పాపా. నెత్తురంతా తీసే రోజు మాత్రం నన్ను పిలవబాక."

ఆమె సరేనంది. ఆయన కొళాయి దగ్గర చేతుల మట్టి కడుక్కుని ఆమె వెంట నడిచాడు.