ఫ్రిజ్జు పక్కన బావ

మా ఆవిడ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. ఆవిడ మిక్సీ జారు పగిలింది. నాచారంలో ఒక షాపులో ఆఫరుందని విని, పొద్దున పదింటికి అంబర్‌పేటలో బస్సెక్కాను. వెళ్లదలచినవారు ఉప్పల్ చౌరస్తాలో దిగి షేర్ ఆటో పట్టుకోవాలి. డ్రైవరు పక్కన మాత్రం కూర్చోకండి, సగం మనిషి రోడ్డు మీదే ఉంటాడు.

ఆటోలో నా పక్కన యాదగిరి. చెంగిచెర్లలో పొలం అమ్మేసి, అదే పొలంలో లేచిన అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. ఇంట్లో ఒక్కడేనట. ఊరుకోవడం నాకు చేతకాదు కనుక, మా ఇంట్లో భార్య, ముగ్గురు కూతుళ్లు, అత్తగారు, పొద్దున్నే బాత్రూము ముందు బారు, అందులో నేనెప్పుడూ ఆఖరు అని చెప్పాను. నవ్వాడు.

ఇద్దరిదీ ఒకే షాపు; నాకు జారు, అతనికి ఫ్రిజ్జు. అక్కడ ఫ్రిజ్జు, టీవీ కొన్నవారిని కుటుంబంతో సహా దాని పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారు. గోడ నిండా కొత్త సామాన్లు, నవ్వే సంసారాలు. కిందటేడు టీవీ కొన్న యాదగిరి కూడా ఉన్నాడు, దాని మీద చెయ్యేసి, ఒక్కడే.

"మల్ల ఒక్కన్నే నిలబడాల్నా అన్నా? జర నా పక్కన నిలబడు. మా బావవని చెప్త."

తమ్ముణ్నని చెప్పొచ్చుగా అన్నాను.

"తమ్ముడంటే పోలికలు సూస్తరు. బావంటే ఎవ్వరడగరు."

ఫొటో తీసే అమ్మాయి ఫ్రిజ్జు తలుపు తెరిపించింది. లోపల ప్లాస్టిక్ ఆపిల్ పళ్లు. ఇంకా దగ్గరికి జరగమంది. యాదగిరి చెయ్యి నా భుజం మీద పడింది.

"బావాబామ్మర్దులు నవ్వరా ఏంది?" అంది ఆ అమ్మాయి.

నవ్వాం.

ప్రింట్లు వచ్చేలోగా ఎదురు హోటల్లో చాయ్, బిస్కట్లు. బిస్కట్లు బాగున్నాయి, కుర్చీలు కావు. పన్నెండున్నరకు రెండు ఫొటోలు చేతికొచ్చాయి. ఫ్రిజ్జు సాయంత్రం ట్రాలీ ఆటోలో పంపుతామన్నారు.

తిరుగు ఆటోలో యాదగిరి ఒక ఫొటో నా వైపు చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"నీ ఇల్లు నిండ మనుషులే కద బావా. గోడ మీద జాగా యాడుంటది? రెండూ నేనే పెట్టుకుంట."

సరేనన్నాను. ఉప్పల్‌లో అతను చెంగిచెర్ల ఆటో ఎక్కాడు. నాకు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, ఒళ్లో జారు. మొత్తం మీద నాచారం వెళ్లదగిన చోటే. ఇద్దరు వెళితే మరీ మంచిది.

యాదగిరి నిజం, ఫ్రిజ్జు నిజం, ప్లాస్టిక్ ఆపిళ్లు నిజం. భార్య, కూతుళ్లు, అత్తగారు కల్పన. ఎవరి మీద ఒట్టు పెట్టానో ఆవిడే లేదు కనుక ఎవరికీ ఏమీ కాదు. జారు నాదే, చిన్న సైజు. ఆటోలో నోరు మూసుకుని ఉంటే ఆ రెండో ఫొటో నాకు దక్కేది. మా గోడ మీద జాగాకేం కొదవ లేదు.