ఎర్ర మాత్రల వాటా

గణపవరం పొలాల్లో నాట్ల రోజుల్లో పుట్టి, పందొమ్మిదేళ్ళకే మొగుడు పోయి, ఏలూరు దాపున ఒక మిషను ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి కుదిరింది మాణిక్యం. ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఆమెకు దేవుడి మీద కన్నా మరిగిన నీళ్ళ మీద నమ్మకం ఎక్కువైంది. ఆదివారం గుడికి వెళ్ళకపోలేదు. వెళ్ళి, ప్రసంగం సాగినంతసేపూ పాస్టరుగారి గోళ్ళలో మట్టి చూస్తూ కూర్చునేది.

పందొమ్మిది వందల ముప్పై ఏడో సంవత్సరం వానాకాలంలో కొల్లేటి లంక నుంచి అప్పన్నను మోసుకొచ్చారు. పడవ గెడ నెత్తిన పడి పుర్రె లోపలికి నొక్కుకుపోయింది. డాక్టరు సూర్యప్రకాశరావు విరిగిన ఎముక ముక్కలు ఎత్తి, కడిగి, కుట్టాడు. కుట్టే ముందు, గాలిలేని పూట కొల్లేటి నీళ్ళలా, మెదడు ఊపిరి ఊపిరికీ కదలడం మాణిక్యం చూసింది.

"చీము పట్టిందంటే ఇక మన చేతుల్లో లేదు. పట్టకముందే ఆపాలి," అంటూ డాక్టరు మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన ఎర్ర మాత్రలు ఆమెకిచ్చాడు. "నాలుగు గంటలకోసారి రెండు. ఒక్క పూట తప్పకూడదు."

వార్డు నిండా విరేచనాల రోగులు. మాణిక్యం ఏ రోజు మాత్రలు ఆ రోజు పొట్లం కట్టి, అప్పన్న పెళ్ళాం తాయారమ్మ చేతిలో పెట్టి తన పనిలో పడిపోయేది.

మూడో రోజు అప్పన్నకు జ్వరం తగిలింది. అదే రోజు, రోగుల దగ్గర ప్రార్థన చేసే క్రీస్తుదాసు మొహం పాలిపోయి ఆమెను పక్కకు పిలిచాడు.

"ఎవరితోనూ అనకండి మాణిక్యంగారూ. ఒంటేలు ఎర్రగా వస్తోందండీ. దేవుడు నా పాపాలు బయటపెడుతున్నాడు."

"దేవుడికి అంతకన్నా పనుల్లేవాండీ? ఏం తిన్నారు?"

"ఏమీ లేదండీ. ఆ కొల్లేటివాళ్ళు ప్రేమగా ఎర్ర మాత్రొకటి పెడితే కాదనలేకపోయాను."

ఆ మాత్ర రంగే ఒంటేల్లోకి దిగుతుందని ఎరిగిన మాణిక్యం ఆసుపత్రి వెనక్కి పరుగెత్తింది. అప్పన్నతో వచ్చిన పడవవాళ్ళు ఐదుగురు. వాళ్ళు ఒంటేలు పోసే చోట, వెల్ల వేసిన గోడ మీద ఐదు సూర్యాస్తమయాలు.

"ఏమ్మా తాయారమ్మా, మందు పంచావా?"

"పంచకపోతే ఎలాగండీ? పడవలో పడ్డ చేప ఏదైనా అందరికీ వాటాయే కదండీ. ఇంత గొప్ప సరుకు ఆయనొక్కడే మింగితే రేపు ఏ మొహం పెట్టుకుని పడవెక్కుతాడు? ప్రార్థన చేసినాయన్ని మాత్రం వదిలేస్తామా?"

"మెదడుకి చీము పడితే పడవ కాదమ్మా, పాడె ఎక్కుతాడు!"

అన్నాక మాణిక్యానికి తట్టింది. మందు ఎందుకో చెప్పకుండా పొట్లం చేతిలో పెట్టింది తనే. వెళ్ళి డాక్టరుతో ఆ మాటే ఒప్పుకుని, కడుపునిండా తిట్లు తిని వచ్చింది.

అప్పటినుంచి తనే మాత్రలు తెచ్చి అప్పన్న నోటి ముందు పెట్టింది. అతను పెదవులు బిగించాడు.

"వీళ్ళు చూస్తుండగా ఒక్కణ్ణే మింగలేనండీ. సిగ్గేస్తోంది."

"అంతేనా? ఏవండీ, మీరంతా అటు తిరగండి!"

ఐదుగురు మొగాళ్ళూ తలగుడ్డలు సర్దుకుని, పెళ్ళిచూపులకొచ్చినంత మర్యాదగా గోడవైపు తిరిగారు. అప్పన్న గుటుక్కున మింగాడు. పగలూ రాత్రీ నాలుగు గంటలకోసారి అదే తంతు. జ్వరం రెండు రోజులు ఊగిసలాడి, ఆరో నాటికి దిగింది.

పదో రోజు, వాళ్ళింకా గోడవైపు తిరిగి ఉండగానే, డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. మాణిక్యం వంగి ముందు వాసన చూసింది. ఏ వాసనా లేదు. గాయం పొడిగా ఆరి, అంచులు కలిసిపోయి ఉంది. కళ్ళు తుడుచుకుంటే కడిగిన చేతులు మైలపడతాయని తుడుచుకోలేదు.

"మింగేశాడాండీ? ఇటు తిరగొచ్చాండీ?" గోడవైపు నుంచి ఎవరో అడిగారు.

"తిరగండి," అంది మాణిక్యం. "తిరిగి, మీ మనిషిని చూసుకోండి."