రెండో గేరులో చప్పుడు

మొన్న ఒక పెళ్లికి క్యాబులో పోతున్నాం, నేనూ మా ఇంటామే. మలుపు దగ్గర డ్రైవరు రెండో గేరు వేయబోతే బండి కర్ర్‌మని పళ్లు కొరికింది. ఆయన సిగ్గుపడి అద్దంలోంచి మా వైపు చూశాడు. ఇలాంటి అవకాశం వదులుకునే మనిషిని కాను నేను. ముప్పై ఏళ్లు కారు నడిపాననీ, ఒక్క మెకానిక్కును కూడా దాని మీద చెయ్యి వేయనివ్వలేదనీ, ఒకసారి లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందే గేర్‌బాక్సు మొత్తం ఒక్కణ్ణే విప్పి, ఆయిలు మార్చి, అరగంటలో బిగించి పారేశాననీ చెప్పాను. డ్రైవరు నోరు తెరిచాడు. మా ఇంటామె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె అలా చూసిందంటే నా మాటలో గాలి ఎంతుందో కొలుస్తున్నదని అర్థం. అందుకని ఇంటికొచ్చాక, గాలి వీలైనంత తీసేసి, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

మాది ఆ రోజుల్లో సగం పట్నం దగ్గరున్న చిన్న తెల్ల కారే. నేను ప్రభుత్వ కచేరీలో గుమాస్తాను, ఆమె సైదాబాదులో ఒక బడిలో టీచరు. నలభై అయిదు దాటాక డ్రైవింగు నేర్చుకుంది. నేర్చుకున్న నెలకే ఇద్దరు తోటి టీచర్లను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బడికి పోయేది, కొంగు బిగించి, హారను కొట్టాల్సి వస్తే ముందు 'సారీ' అనుకుని మరీ కొట్టేది. కొన్నాళ్లకు రెండో గేరు పడేటప్పుడు చప్పుడు మొదలైంది. ఒక పొద్దున నేనూ ఆ బండిలోనే ఉన్నాను. ఆ ఇద్దరు టీచర్ల ముందే, నీ చేతికి గేరు రాదు, బండిని చంపుతున్నావు అన్నాను. ఆ సాయంత్రం ఆమె తాళంచెవి తెచ్చి క్యాలెండరు మేకుకు తగిలించింది. మర్నాటి నుంచి బస్సు. నా మాటకు ఎంత విలువ ఇచ్చింది అని మురిసిపోయాను కూడా. పన్నెండేళ్లు ఆ తాళంచెవి ఆమె ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. చప్పుడు నా చేతిలోనూ వచ్చేది. నేను దానికి ఉపాయం కనిపెట్టాను. ఒకటో గేరు నుంచి నేరుగా మూడుకు పోయేవాణ్ణి. బండి వణికేది, దగ్గేది, అయినా పోయేది. తప్పనిసరై రెండు వేయాల్సి వస్తే అదే క్షణంలో హారను మోగించేవాణ్ణి. మా గల్లీలో పిల్లులు కూడా నా రాక పసిగట్టి గోడలెక్కేవి. ఎవరైనా అడిగితే, ఏం చేస్తాం, మా ఇంటామె నేర్చుకునేటప్పుడు అరగదీసింది అనేవాణ్ణి. అది అందరికీ ఇట్టే నమ్మబుద్ధి అయ్యేది.

మేమిద్దరం రిటైరయ్యాక, కార్వాన్‌లో ఉండే ఆమె అక్క మంచాన పడింది. అమ్మ పోయాక ఈమెను పెంచిన అక్క. మొదటి వారం నేనే తీసుకుపోయాను. ఆమె మేడ మీద అక్క పక్కన కూర్చునేది, నేను కింద కారులో పేపరు చదివేవాణ్ణి. పేపరు అరగంటలో అయిపోయేది. అప్పుడు హారను కొట్టేవాణ్ణి. నాలుగు రోజులు చూసి ఆమె రెండు ఆటోలు మారి ఒక్కతే పోవడం మొదలుపెట్టింది, ఎండలో, చేతిలో టిఫిన్ క్యారియరుతో. ఒక శనివారం అన్నం వడ్డిస్తూ, రేపటి నుంచి కారు తాను తీసుకుపోతానంది. నేను తీసుకుపోతాను కదా అన్నాను.

"మీరు కింద హారన్ కొట్టంగనే అక్క మాట సగంల ఆపి, పో బిడ్డా, మీ ఆయన పిలుస్తున్నడు అంటది. ఆమె మాట పూరా ఇనాలె నేను. ఇంక ఎన్ని దినాలు జెప్తదో."

జవాబు లేనప్పుడు నేను పందెం కాస్తాను. గేర్‌బాక్సులో కొత్త ఆయిలు నేనే పోస్తాను, అయినా చప్పుడు వచ్చిందంటే తప్పు నీ చేతిదే, నోరు మూసుకుని ఆటోలో పోవాలి. రాకపోతే తాళంచెవి నీది అన్నాను. ఆమె సరేనంది. నిజం చెప్పాలంటే ఆయిలు మార్చడం బండి కోసం కాదు, ఆమె తప్పు రుజువు చేయడం కోసం.

ఆదివారం తొమ్మిదింటికి పని మొదలుపెట్టాను. గేర్‌బాక్సు విప్పానని డ్రైవరుతో అన్నది ఉత్తదే. విప్పాల్సినవి రెండే ప్లగ్గులు, కింద కార్చేది ఒకటి, పక్కన నింపేది ఒకటి. నాలుగు చక్రాలూ పాత తలుపు చెక్కల మీదికి ఎక్కించి, బట్టలుతికే టబ్బు కింద పెట్టి, నేను కిందికి దూరాను. కార్చే ప్లగ్గు ఒక్క పట్టుకే వచ్చింది. నల్లగా, చిక్కగా, మాడిన బెల్లం పాకంలా జారింది ఆయిలు. కుళ్లిన గుడ్డు వాసనకు గల్లీ అంతా కిటికీలు మూసుకుంది. ఆమె మాత్రం వంగి, ప్లగ్గు కొసన అయస్కాంతానికి పట్టిన మడ్డిని వేలితో తీసి ఎండలో చూసింది. కాటుకలాగా ఉంది, మధ్యలో ఇనుప రజను తళుక్కుమంటోంది.

"పన్నెండేండ్ల సంది నేను బండి ముట్టనే లేదు. మరి గీ అరుగుడు ఎవల చెయ్యి?" అంది.

వినబడనట్టు నింపే ప్లగ్గు మీద పానా వేశాను. అది కదలలేదు. మెకానిక్కులు ఎప్పుడైనా నింపేది ముందు విప్పుతారట, అది వచ్చిందని చూసుకున్నాకే కిందది ముట్టుకుంటారట. మెకానిక్కుల మాట నేనెప్పుడు విన్నాను? ఏటేటా సర్వీసుకిచ్చే మెకానిక్కు ఈ గేర్ ఆయిలు మార్చాలని ఎన్నిసార్లు చెప్పినా వచ్చేసారి చూద్దాం అన్నదీ నేనే. (ఒక్క మెకానిక్కునూ ముట్టనివ్వలేదన్న ముక్క కూడా ఇంతటితో సరి.) పాత ఆయిలు టబ్బులో ఉంది, కొత్త ఆయిలు డబ్బాలో ఉంది, మధ్యలో బండి పొడి కడుపుతో గల్లీకి అడ్డంగా ఉంది. పానా మీద కాలు పెట్టి తొక్కాను. పానా జారి నా మోకాలి చిప్ప మీద పడింది. పన్నెండయింది. ఆమె క్యారియరు సర్దుకుని గడప మీద కూర్చుంది. ఆటోకు పో అనే ధైర్యం నాకు లేదు, పోతాననే మాట ఆమె అనలేదు.

అప్పుడు ఎదురింటి భాయ్ వచ్చాడు. పెళ్లి బ్యాండ్లవాళ్ల ఇత్తడి బాజాలు బాగుచేయడం ఆయన పని. బిగుసుకుపోయిన మూతులూ మీటలూ ఆయనకు రోజూ ఉండేవే. కారు కిందికి తల పెట్టి చాలాసేపు చూశాడు.

"జబర్దస్తీ జెయ్యకు సాబ్, అంచులు పోతయి. నా బాజాల కన్న ఇది నయం, దీంట్ల ఇంకొకళ్ల ఉమ్మి అన్న లేదు," అని, ఆమె వైపు తిరిగి, "ఆపా, జర చాయ్ కెటిల్ల వేడి నీళ్లు తెస్తవా?" అన్నాడు.

ప్లగ్గు చుట్టూ కిరసనాయిలు చుక్కలు వేశాడు. ఆమె తెచ్చిన మరిగే నీళ్లు దాని చుట్టూ పోశాడు. కొయ్య సుత్తితో టక్ టక్ మని, పాపాయి వీపు తట్టినట్టు, నాలుగు పక్కలా తట్టాడు. తట్టడం, ఆగడం, మళ్లీ తట్టడం. నాకు తిక్క పుట్టేంత ఓపిక. మూడో కెటిల్‌కు ప్లగ్గు కీచుమని మూలిగి, ఆయన చేతిలోకి వచ్చేసింది.

కార్చే ప్లగ్గు తుడిచి బిగించాను. కొత్త ఆయిలు పోయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇంజను పైనుంచి గరాటుకు పైపు తగిలించి వదలాలి. పైన ఒకరు పోయాలి, కింద ఒకరు పైపు కొస రంధ్రంలో పట్టుకోవాలి. ఆయిలు రంధ్రం అంచు దాకా వచ్చి పొర్లితే నిండినట్టు. పైన ఆమె పోసింది. కింద వెల్లకిలా పడుకున్న నాకు ఆమె మొహం కనబడదు, బంపరు కింద మెట్టెల వేళ్లు రెండు మాత్రం కనబడుతున్నాయి. బడిలో నిలబడి నిలబడి వంకర తిరిగిన వేళ్లు. తేనెరంగు ఆయిలు సన్నగా, మెల్లగా దిగుతోంది. మొహం చూస్తూ అనలేని మాట వేళ్లను చూస్తూ అనడం సులువు. తప్పు నాదే అన్నాను. ఆయిలు పొర్లి నా మోచేతి దాకా కారింది.

మసీదులోంచి సాయంత్రపు అసర్ అజాన్ వినబడే వేళకు ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరగలేదు, దానికీ భాయ్ సుత్తే కావలసి వచ్చింది. ఒకటో గేరు. రెండు. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఏమీ లేదు. పందెం ఓడిపోయినవాడికి ఒళ్లంతా ఆయిలు ఉంటే ఎలా ఉంటుందో అలా ఉన్నాను. ఆమె ఆగలేదు, వెనక్కి చూడలేదు, నేరుగా పురానాపూల్ మీదుగా అక్క ఇంటికి పోయింది. దీపాలు పెట్టాక వచ్చింది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, చిన్నప్పటి సంగతులు అంది.

చల్లటి పొద్దుల్లో ఆ చప్పుడు మళ్లీ కొద్దిగా వచ్చేది, దాచను. ఆమె క్షణం ఆగి వేసేది, అప్పుడు మెత్తగా పడేది. ఆ క్షణం ఆగడం నాకెప్పుడూ చేతకాలేదు. ఏడు నెలలు, అక్క పోయేదాకా, రోజూ వెళ్లి ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చుంది. ఆ ఏడు నెలలు ఎంత నిండుగా గడిచాయో చూశాకే, అంతకుముందు మేకుకు వేలాడిన పన్నెండేళ్లు ఎంత పొడుగో నాకు తెలిసింది.

ఇంతవరకు రాసి ఆమె చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు అక్షరం వదలకుండా చదివింది. కారు కింద నేనన్న మాట దగ్గర వేలు ఆపింది.

"మీరు గట్ల అనలే. 'ఆపు, నిండింది' అన్నరు, గంతే. తప్పు నాదే అన్నది ఇగో, ఇయ్యాల రాసిండ్రు."