యాదగిరన్న పేరుతో ఎక్కిన అప్‌డేట్లు

దయ్యాలంటే భయపడేవాళ్లను ఆటపట్టించే రకం నేను. ఇప్పటికీ దయ్యాన్ని చూశానని అనను. నాచారంలో ఒక పట్టపగలు కంప్యూటర్‌లో ఏం చూశానో అంతే చెబుతాను.

ఉప్పల్‌కు మెట్రో స్తంభాలు ఇంకా రాని రోజులు. అక్కడ ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేసేవాణ్ణి. నాకు పని నేర్పింది యాదగిరన్న, భువనగిరి వైపు మనిషి. తప్పు చేస్తే తిట్టేవాడు, మధ్యాహ్నం తన డబ్బాలో సగం నాకే పెట్టేవాడు.

మా షాపుల్లో ఒక అలవాటుండేది. మేం వేసేవన్నీ కాపీ విండోస్‌లే కదా! అప్‌డేట్ ఎక్కితే దొంగ కాపీ అని పట్టేసి స్క్రీన్ నల్లగా చేసేది. అందుకని విండోస్ వేయగానే ముందు అప్‌డేట్లు ఆపేసేవాళ్లం. నాచారంలోని ఒక మందుల ఫ్యాక్టరీవాళ్లు మాత్రం అసలుదే కొన్నారు. "ఇది ఒరిజినల్ తమ్మీ, దీన్ల అప్‌డేట్లు బంద్ జెయ్యకు" అని అన్న ముందే చెప్పాడు. అలవాటైన చెయ్యి ఆగితేనా? వాళ్ల కంప్యూటర్లన్నిట్లోనూ ఆపేశాను.

కొన్ని నెలలకు అక్కడ ల్యాబ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. తెరవబోతే చాలు, ఏదో కాంపోనెంట్ పనిచేయడం లేదని ఎర్రర్. రెండు రోజులు రిపోర్టులన్నీ ఆగిపోయాయి. అప్‌డేట్లు లేకపోవడమే కారణమని తేలింది.

"ఎవరయ్యా వీటిని ఆపింది?" అని మా ఓనర్ గద్దించాడు. యాదగిరన్న అని చెప్పాను. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎంత సిగ్గులేనివాణ్ణో చూడండి.

అన్న నావంక చూశాడు. "నేనే సార్" అన్నాడు. ఉద్యోగం పోయింది. బయటికొచ్చాక నాతో ఒక్కటే మాటన్నాడు: "నీకు జెప్పిన గద తమ్మీ."

ఆ వానాకాలమే జ్వరమొచ్చి దవాఖానాలో పోయాడు.

ఆయన దినాలైన మరుసటి వారం ఫ్యాక్టరీ నుంచి ఫోన్. మూలనున్న ఒక కంప్యూటర్‌ను ఎవరూ వాడటం లేదని అప్పట్లో సరిచేయకుండా వదిలేశాం. ఇప్పుడు దాంట్లో అదే ఎర్రర్. అప్‌డేట్ల సీడీ పట్టుకుని మధ్యాహ్నం వెళ్లాను. సాఫ్ట్‌వేర్ నొక్కితే ఏ పేచీ లేకుండా తెరుచుకుంది.

అప్‌డేట్ల జాబితా తీశాను. కావలసినవన్నీ ఎక్కి ఉన్నాయి, ఆ రోజు తేదీతోనే. ఎక్కించినవాళ్ల పేరుండే చోట యాదగిరి అని ఉంది.

ఆ కంప్యూటర్‌కు నెట్ లేదు. అన్నను తీసేసిన రోజే, దీంతో సహా ఫ్యాక్టరీ కంప్యూటర్లన్నిట్లోంచీ ఆయన లాగిన్‌ను నా చేత్తో తొలగించాను. మళ్లీ వెతికాను, లేదు. తేదీ, టైము సరిగ్గానే ఉన్నాయి. ల్యాబ్ మేడమ్‌ను అడిగితే "పొద్దుగాల ఎర్రర్ వచ్చింది సార్. గప్పటి సంది ఎవ్వలూ ముట్టలే" అంది.

అది ప్రింటు తీసి, ఓనర్ ముందు పెట్టి, తప్పు నాదని ఒప్పుకోవాల్సింది. నేనేం చేశాను? డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేసి వచ్చేశాను. థూ, నా బతుకు!

కొన్నాళ్లకు చిల్కానగర్‌లో అన్న భార్య ఎదురైంది. "తమ్మీ, ఒక్క ముచ్చట అడుగుత. మా ఆయనకు నిజంగనే పని రాకుండెనా?" అంది. షేర్ ఆటో వచ్చింది వదినా అని చెప్పి ఎక్కేశాను.

ఆ అప్‌డేట్లను ఎవరు ఎక్కించారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఎవరికైనా చూపిద్దామంటే రుజువు నేనే చెరిపేశాను. వదిన మాత్రం ఆయనకు పని రాదనే అనుకుంటూ ఉంటుంది.