టెస్టు డేటాలో నేను కొట్టిన పేరు

నాకు కంప్యూటర్ పని నేర్పిన మా సార్ పోయారు. పోయిన వారం, సిరిసిల్లలో, తన ఇంట్లోనే. కబురు పాత ఆఫీసు గ్రూపులో చూశాను. దాని కింద ఎవరో "సార్‌ను స్టేషనుకు పంపిన ఘనత మన మేడందే" అని రాసి నవ్వు బొమ్మ పెట్టారు. ఆ మేడం నేనే. ఇదివరకైతే నేనూ నవ్వేదాన్ని. ఆ కథ చెప్పి హైదరాబాదులో ఎందరిని నవ్వించానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

అన్నల కాలం అది, నక్సలైట్ల కోసం దారిపొడవునా పోలీసు తనిఖీలు. చేనేత సంఘాలకు కంప్యూటర్ పని చేసిపెట్టే చిన్న ఆఫీసు మాది. ప్రోగ్రాములు జగిత్యాలలో రాసి, కోరుట్లలో ఇంకో కంప్యూటర్ మీద పరీక్షించేవాళ్ళం. సభ్యుల అసలు వివరాలుండే సర్వర్ మాత్రం సిరిసిల్లలో, సంఘం ఆఫీసులో ఉండేది. నెట్టు లేదు, ఏ ఊరికి ఏది పోవాలన్నా బస్సులోనే. సార్ ఫ్లాపీలను స్టీలు టిఫిన్ డబ్బాలో సర్ది, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. తనిఖీలో పోలీసులు మూత తీయమంటే తీసి, "తినేటియి కావు సార్" అనేవారు.

మేడిపల్లి నుంచి వచ్చిన నాకు కీబోర్డు మీద వేళ్ళు ఎలా పెట్టాలో కూడా ఆయనే చూపించారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు. కుర్చీ నా పక్కకు లాక్కుని, "మల్లొక్కసారి చేసి సూపియ్యి" అనేవారు. ఒక్క విషయంలోనే గట్టిగా ఉండేవారు. "ప్రోగ్రాం ముందటికి పోవాలె, డేటా ఎనుకకు రావాలె. రెండు కలిసి ఒక్క బస్సు ఎక్కొద్దు బిడ్డా." కోరుట్లలో పరీక్ష కోసం మేం పెట్టుకునే ఉత్తుత్తి పేర్లు సిరిసిల్ల చేరకూడదన్నది ఆయన భయం.

ఒకరోజు ఆ ఉత్తుత్తి పేర్లు కొట్టీ కొట్టీ విసుగొచ్చింది. గోడల మీద పోలీసు పోస్టర్లలో రోజూ కనిపించే ఒక అన్న పేరు కొట్టి, ఊరు తంగళ్ళపల్లి అని పెట్టాను. పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు, నాకు ఇంకా హుషారొచ్చింది. మర్నాడు బంద్. ఆ సాయంత్రం బస్సు దాటిపోతే ఇక లేదన్న హడావుడిలో ప్రోగ్రాంతో పాటు ఆ పేర్ల ఫైలు కూడా ఫ్లాపీలోకి ఎక్కించి సార్ చేతికిచ్చాను. "ఏమేం ఎక్కిచ్చినవో సూస్కున్నవా?" అని అడిగితే, "సూసిన సార్" అన్నాను. చూడలేదు.

సిరిసిల్లలో మా పేర్లు అసలు సభ్యుల పేర్లలో కలిసిపోయి, సంఘంలో నూలు తీసుకునే కార్డులుగా అచ్చయ్యాయి. సంఘం హాల్లో గుమాస్తా ఒక్కో కార్డూ తీసి పేరు పిలుస్తూ, అలవాటుగా ఆ పేరు కూడా పిలిచాడు. పోలీసులు వెతుకుతున్నవాడి పేరని తెలిసి హాల్లో ఎవరూ కదల్లేదట. గుమాస్తా వెంటనే కోరుట్లలో ఉన్న నాకు ఫోన్ చేసి, అక్కడే ఉన్న సార్‌కిచ్చాడు.

"ఆ పేరు నేనే కొట్టిన సార్. నేనొచ్చి చెప్త."

"నువ్వు రాకు. కొట్టింది నువ్వైనా పంపింది నేను. ఆడపిల్లవు, గా తావుల నీకేం పని."

మధ్యాహ్నానికి సంగతి స్టేషనుకు చేరి, పోలీసు జీపు వచ్చి ఆయన్ను తీసుకుపోయింది. మర్నాడు విడిచిపెట్టారు. లోపల ఏం జరిగిందని అడిగితే, "అడిగిన్రు, చెప్పిన" అన్నారంతే. నా పక్కన కూర్చుని ఆ పేరు తీయించి, "ఇగ పూల పేర్లు పెట్టు బిడ్డా. బంతి, చామంతి. పూలను ఎవ్వలు పట్టుకపోరు" అన్నారు. అందరం నవ్వాం. సారూ నవ్వారు కాబట్టి అది నవ్వులాటే అనుకున్నాను.

నిన్న పరామర్శకు వెళ్ళి, సార్ భార్యను అడిగాను. "నా మీద కోపముండెనా అమ్మా?"

"కోపమెందుకుంటది బిడ్డా, నిన్ను మంచిగనే యాది చేస్తుండె. గని ఇంటి ముంగట ఏ బండి ఆగినా అంగి తొడుక్కొని, చెప్పులేసుకొని నిలవడుతుండె. పోలీసులు తీస్కపోతందుకే అచ్చిన్రని. మొన్నమొన్నటిదాంక గంతే."

మంచం దిగలేకపోతున్నారని విని పోయిన నెల నేను చూడబోతే, సార్ గడపలో నిలబడి ఉన్నారు. తెల్ల అంగీ, మెడదాకా గుండీలు, కాళ్ళకు చెప్పులు, ఒక చెయ్యి తలుపు మీద. నా కారు చప్పుడు విని నాకోసం ఎదురొచ్చారని మురిసిపోయాను. కూర్చోబోతుంటే ఆపి, అలాగే ఇంకాసేపు నిలబెట్టి ఫోటో తీసుకున్నాను.