అడుగు చూడని కుండ

శాన్ హసింతో సంతలో అనాస తొక్కలతో పులియబెట్టే తెపాచే తాగితే దోన్యా ఎర్మీనియా దగ్గరే తాగాలని మావాళ్ళకు ఒక పట్టుదల. మిగతావాళ్ళది మూడో రోజుకే పులిసిపోయి పళ్ళు జివ్వుమనిపిస్తుంది. ఎర్మీనియాది అలా కాదు. గొంతులో బుడగలు చురుక్కుమంటూనే ఉంటాయి, నాలుకకు మాత్రం తియ్యగా తగులుతుంది. గ్లాసు కింద పెట్టాక కూడా ఆ తీపి పెదవుల మీద ఉండిపోతుంది. "బెల్లం ఎంత వేస్తావేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే, "అందరూ వేసినంతే. ఆ తీపి నా కుండది" అని నడుం మీద చెయ్యి వేసుకుని చెప్పేది. పాపం, ఆ మాట ఎంత నిజమో ఆమెకు తెలియదు.

ఆ కుండ ఎనిమిదేళ్ళ కిందట అత్తగారు పోయినప్పుడు వాటాకు వచ్చింది. అంతకు ముందు ఎర్మీనియా చెక్క పీపాలో పులియబెట్టేది. పీపా పగిలి కారుతున్న రోజుల్లో ఈ కుండ దొరికేసరికి ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. నడుమెత్తు కుండ, లోపలా బయటా గాజులా మెరిసే ఆకుపచ్చ పూత. ఇంటికి తెచ్చిన రోజున కడిగి తొంగి చూస్తే అడుగున తన ముఖం కనబడింది. ఆ పూటే అనాస తొక్కలు, బెల్లం, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేసి నీళ్ళు పోసి మూతికి గుడ్డ కట్టింది.

ఆ తరువాత ఆ కుండ అడుగు చూసినవాళ్ళు లేరు. మా దగ్గర పద్ధతే అంత. పైన ఉన్న తేట వంచుకోవాలి, అడుగున బెత్తెడు మడ్డి ఉంచేయాలి. ఆ మడ్డిని మేము తల్లి అంటాం. తల్లి ఉంటేనే తరువాతి విడత పొంగుతుంది. తెపాచే కుండను కడిగేసిన ఆడదాన్ని చూసి సంతలో నవ్వుతారు. ఎర్మీనియా ఎనిమిదేళ్ళు ఆ కుండను కడగలేదు, అది చెప్పుకుని మురిసిపోయేది కూడా.

ఇంట్లో ఆమె, ఆమె మనవరాలు అసుసేనా, ఇద్దరే. కూతురు మౌరా పట్నంలో అవకాడో పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో పని చేస్తుంది, శనివారం వచ్చి ఆదివారం బస్సెక్కుతుంది. అసుసేనాకు ఆరేళ్ళు. పాలు మాన్పించిన నాటినుంచి ఆ పిల్లకు తెపాచేయే అలవాటు. మా పిల్లలందరూ తాగుతారు, లేత తెపాచే మత్తెక్కించేది కాదు. కాని ఆరుబయట ఆడి వచ్చిన ప్రతిసారీ పిల్లకు మంచినీళ్ళు ఇవ్వడం తన ప్రేమకు నామోషీ అన్నట్టు ఎర్మీనియా కప్పు ముంచి ఇచ్చేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకే ముందు ఒకటి.

ఆ వేసవి మొదట్లో పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. బుగ్గలు పాలిపోయాయి. గోడ పెచ్చు గీకి నోట్లో పెట్టుకుంటుంటే ఎర్మీనియా రెండుసార్లు చేతి మీద కొట్టింది. అంతలో బడినుంచి పంతులమ్మ కబురు పంపింది.

"దోన్యా ఎర్మీనియా, ఇంట్లో ఏమైనా గొడవలా?" అంది పంతులమ్మ.

"మా ఇంట్లో గొడవపడ్డానికి మనుషులేరీ? కోళ్ళతో పడాలి."

"నవ్వులాట కాదండీ. పోయినేడు ఈ పిల్ల రొట్టెల కొట్టు బోర్డు చదివింది. ఇప్పుడు, ఉన్న అచ్చులే ఐదు, అవి చెప్పమంటే మూడు చెప్పి బిక్కమొహం వేస్తోంది. నేర్చుకోనివాళ్ళని చూశాను గానీ, వచ్చింది పోగొట్టుకుంటున్న పిల్లని చూడటం ఇదే మొదలు."

ఎర్మీనియాకు భయం వేసింది. కాని భయం ఆమెలో ఎంతోసేపు భయంగా ఉండదు, కోపంగా మారి ఎవరో ఒకరి మీద పడుతుంది. ఇంటికి వచ్చే దారిలోనే ఆ ఎవరో మనసుకు తట్టారు. కసీల్దా. సంతలో పది అడుగుల అవతల ప్లాస్టిక్ బకెట్లలో తెపాచే అమ్ముతుంది. ఈస్టరు ముందు ఆదివారం అసుసేనాను చూసి, "అబ్బ, ఏం జుట్టే పిల్లదానికి!" అంది. అని, ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. పిల్లను మెచ్చుకుని ముట్టుకోకపోతే దిష్టి తగులుతుందని మా ఊళ్ళో తెలియనిదెవరికి?

ఎర్మీనియా పిల్లను పడుకోబెట్టి తలనుంచి కాళ్ళదాకా కోడిగుడ్డు తిప్పింది. గ్లాసు నీళ్ళలో పగలగొడితే తెల్లసొన తీగలు తీగలుగా పైకి లేచింది. "అదిగో, కన్ను! ఆ బకెట్ల మహారాణి కన్నే!" అని అరిచింది. పిల్ల కడుపు పట్టుకుని మూలిగింది. కడుపు కుదుటపడాలని ఎర్మీనియా ఇంకో కప్పు తెపాచే పట్టించింది.

ఆదివారం సంతలో జనం మధ్యనే కసీల్దాను పట్టుకుంది.

"ఏమే కసీల్దా, నా గిరాకీ మీద ఏడిస్తే ఏడిచావు, నా పిల్ల మీద పడ్డావేంటే?"

"ఏంటి వదినా, పొద్దున్నే ఏం తిన్నావు?"

"నీ కళ్ళు పడి పిల్ల చిక్కి సగమైపోయింది. జుట్టు బాగుందన్నావు, ముట్టుకున్నావా?"

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆ రోజు నా చేతులకి బెల్లం పాకం. నీ పిల్ల జుట్టుకి పూయమంటావా?" అని కసీల్దా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. అయినా ఎర్మీనియా పిల్ల కోసం గొంతు తగ్గించింది.

"ఇప్పుడు ముట్టుకో. కన్ను వేసినవాళ్ళే ముట్టుకుంటే పోతుంది. నీకు దణ్ణం పెడతా."

కసీల్దా నవ్వు ఆపేసింది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి అసుసేనా తల మీద చెయ్యి పెట్టింది, తరువాత భుజాల మీద, వీపు మీద. చేతికి ఎముకలు తగిలాయి. పిల్ల పెదవి లాగి చిగుళ్ళు చూసింది.

"వదినా, నేను నలుగుర్ని పెంచాను. ఇది కన్ను కాదే. నా మాట విను, సెంటర్‌కి తీసుకెళ్ళి రక్తం చూపించు."

తిట్టి ఉంటే ఎర్మీనియా తిరిగి తిట్టేది. కసీల్దా జాలిపడేసరికి ఆమెకు నిజంగా భయం వేసింది. మర్నాడే పిల్లను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు రొసాల్బా రక్తం తీసి, పట్నం పంపాలి, రెండు వారాలు పడుతుంది అంది.

ఆ రెండు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. పిల్ల అన్నం ముట్టదు, తెపాచే మాత్రం అడుగుతుంది. ఎర్మీనియాకు అదే మహాభాగ్యంగా తోచింది. మూడు కప్పులు నాలుగయ్యాయి. ఎండలు ముదిరి కుండ రోజంతా బుసబుసలాడుతూ పొంగింది. ఆ విడత ఎప్పటికన్నా తియ్యగా ఉందని తాగినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

పదిహేనో రోజు పొద్దున రొసాల్బా తానే ఇంటికి వచ్చింది. మా ఊళ్ళో మంచి కబురుకు నర్సులు గుమ్మం ఎక్కరు. ఎర్మీనియా గబగబా గ్లాసు నింపి ఇచ్చింది. రొసాల్బా అందుకుంది గాని తాగలేదు.

"అమ్మా, ఇది దేంట్లో చేస్తారు?"

"దేంట్లో ఏంటి, కుండలో. ఈ ఊళ్ళో నా కుండ తెలియనిది నీకొక్కదానికే."

రొసాల్బా వెళ్ళి కుండ చూసింది, పూత మీద గోటితో గీసింది. "పిల్ల రక్తంలో సీసం ఉందమ్మా. ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. ఈ మెరుపు పూతలో ఉండేది అదే. పుల్లటిది ఏది పోసినా అందులోకి దిగుతుంది. రుచి తేడా కూడా తెలీదు, తియ్యగానే ఉంటుంది."

"నోరు ముయ్యి!" అంది ఎర్మీనియా. "మా అమ్మ మట్టికుండ, వాళ్ళమ్మ మట్టికుండ. నిన్నగాక మొన్న సూది పట్టుకున్నదానివి, నాకు కుండల గురించి చెప్తావా? ఇదే కుండ మా అత్త నలభై ఏళ్ళు వాడింది. ఎనభై మూడేళ్ళు బతికింది!"

"ఏం పోసేదమ్మా అందులో?"

ఎర్మీనియా నోరు తెరిచింది. "ఎండు మొక్కజొన్నలు" అంది. ఆ మాట ఆమె చెవులకే వేరే ఎవరో అన్నట్టు వినబడింది.

రొసాల్బా గ్లాసు తెచ్చి మెల్లగా బల్ల మీద పెట్టింది. ఈ పూటనుంచే ఆపేయాలంది. రేపు పిల్లను పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం, నేనూ వస్తాను అంది. ఎర్మీనియా రక్తం కూడా చూడాలంది. ఎర్మీనియాకు అవేవీ ఎక్కలేదు.

"అక్షరాలు?" అంది. "మరిచిపోయినవి, మళ్ళీ వస్తాయా?"

"ఇంకా పోకుండా ఆపగలం. పోయినవి కొన్ని రావచ్చు" అంది రొసాల్బా. "అన్నీ వస్తాయని మాత్రం నేను మాటివ్వలేనమ్మా."

ఆమె వెళ్ళాక ఎర్మీనియా కుండ మూతి రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి ఈడ్చింది. పక్కకు వంచింది. తెపాచే పోయింది, తొక్కలు పోయాయి, ఆఖరున ఎనిమిదేళ్ళ తల్లి చిక్కగా, గోధుమరంగుగా మట్టిలోకి జారిపోయింది. కోళ్ళు పరుగెత్తుకొస్తే చీపురు విసిరి తరిమింది. నాలుగు బిందెల నీళ్ళు పోసి కడిగి, ఎండ లోపలికి పడేట్టు తిప్పి తొంగి చూసింది.

మూతి దగ్గర జానెడు మేర ఆకుపచ్చ పూత అలాగే మెరుస్తోంది. దాని కింద, తెపాచే నిలిచే గీత నుంచి అడుగు దాకా, మెరుపు లేదు. పాలిపోయి, గరగరలాడుతూ, వేళ్ళకు పచ్చి ఇటుకలా తగిలింది. అడుగున ఆమె ముఖం లేదు. ఎనిమిదేళ్ళలో అంత పూత ఎటు పోయిందో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. వారం వారం గ్లాసుల్లో సంతకు పోయింది. రోజుకు మూడు కప్పుల చొప్పున మనవరాలి కడుపులోకి పోయింది. తన చేత్తోనే ముంచి ఇచ్చింది, ఊదుతూ నురుగు తీసి మరీ ఇచ్చింది. సంతలో దిష్టి పెట్టిన కళ్ళు వెతికిన మనిషి ఆ తడి మట్టిలోనే చతికిలబడిపోయింది.

మధ్యాహ్నం అసుసేనా బడినుంచి వచ్చింది. సంచి గుమ్మంలో పడేసి, కడుపు పట్టుకుని, అలవాటు చొప్పున కప్పు తీసుకుని కుండ ఉండే మూలకు వెళ్ళింది. అక్కడ నేల మీద గుండ్రటి మచ్చ తప్ప ఏమీ లేదు. కప్పు పట్టుకునే పెరట్లోకి వచ్చింది.

"అమ్మమ్మా, నొప్పిగా ఉంది. తెపాచే ఇవ్వవా?"

"లేదమ్మా. అయిపోయింది."

"కొంచెం."

"లేదు తల్లీ. ఇంక లేదు."

ఆ పిల్లకు అమ్మమ్మ నోట లేదన్న మాట ఎప్పుడూ వినబడలేదు. కాసేపు అమ్మమ్మ ఎర్రబడిన కళ్ళకేసి చూసింది. తనకు ఏదో అర్థమైనట్టు కప్పు కింద పెట్టి, చేతులు వెనక్కి దాచుకుంది.

"పంతులమ్మ చెప్పిందా నీకు? ఇవాళ కూడా రాలేదని?"

"కాదే..."

"నేను చెప్తాను అమ్మమ్మా, వచ్చు నాకు. చెప్తే ఇస్తావు కదా?" అని అయిదు వేళ్ళూ చాపి ముందు పెట్టింది. "ఆ..." అని ఒక వేలు మడిచింది. "ఎ..." ఇంకోటి మడిచింది. "ఇ..." మూడోది మడిచి ఆగిపోయింది. మిగిలిన రెండు వేళ్ళకేసి నుదురు ముడిచి చూసింది. పెదవులు కదిలాయి గాని ఏమీ రాలేదు.

"ఉండు, చెప్తా. ఉండు అమ్మమ్మా, కోప్పడకు" అంది.

ఎర్మీనియా ఆ రెండు వేళ్ళనూ గుప్పిట్లోకి తీసుకుని భోరుమని ఏడ్చింది.