అత్తయ్య చూసిన సెమీఫైనల్

మా అత్తయ్యకి టెన్నిసు పిచ్చి పట్టింది తొంభైల్లో. అంతకుముందు ఆమెకి తెలిసిన ఆటలు రెండే, అష్టాచెమ్మా, వైకుంఠపాళీ. రెండింట్లోనూ మమ్మల్ని మోసం చేసి గెలిచేది.

అత్తయ్య మా నాన్నకి అక్క. ఆత్రేయపురంలో వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే గోడకి అటొకటి, ఇటొకటి. మావయ్య గల్ఫ్‌లో పనిచేసేవారు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు పెద్ద రంగుల టీవీ మోసుకొచ్చి, నడవలో పెట్టి, కేబుల్ కనెక్షన్ ఇప్పించి వెళ్ళారు. అత్తయ్య పూతరేకులు చేసేది. పొద్దున్నే వెనక వసారాలో కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగేది. కాగితంలాంటి రేకు లేచొచ్చేది. టీవీ చూసే తీరిక ఆమెకి ఉండేది కాదు. చూసేదాన్ని నేనే.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న నేను ఛానెళ్ళు మారుస్తుంటే, నెయ్యి గిన్నె కోసం లోపలికొచ్చిన అత్తయ్య అరిచింది.

"ఆగవే! మార్చకు! ఆ పిల్ల చెయ్యి చూసేవా?"

ఆస్ట్రేలియాలో ఆడవాళ్ళ సింగిల్స్ జరుగుతోంది. ఎవరో అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ కొడితే దాన్నే మళ్ళీ నెమ్మదిగా చూపిస్తున్నారు.

"మణికట్టు అలా తిప్పాలి. మీ అమ్మకి పదేళ్ళనుంచీ చెబుతున్నాను, రేకు అలా లాగమని. ఈ పిల్లకెవరు నేర్పేరే?"

మర్నాటికల్లా పొయ్యి చోటు మారిపోయింది. వెనక గుమ్మంలోంచి టీవీ తిన్నగా కనబడేలా కుండ బోర్లించుకుని కూర్చుంది. చూపు బంతి మీదా, చెయ్యి కుండ మీదా. బంతి అటూ ఇటూ ఎక్కువసేపు తిరిగిందంటే ఆ పూట రేకులు మాడేవి. ఒకసారి కొనడానికొచ్చినాయన, "ఇవి కాస్త ఎర్రబడ్డాయేంటండీ?" అని అడిగితే, "ఆయ్, మూడో సెట్టుకెళ్ళిందండీ," అంది. అదేదో కొత్త రకం అనుకుని ఆయన రెండు డబ్బాలు ఎక్కువ తీసుకున్నాడు.

లెక్కలు చెప్పాల్సిన బాధ్యత నాది. నాకూ తెలియదు కాని, ఇంగ్లీషు మీడియంలో చదివేది ఇంట్లో నేనొక్కదాన్నే.

"పదిహేను, ముప్పై, తరవాత నలభై అయిదు కదే. నలభై అంటాడేంటి? ఆ అయిదూ ఏవైంది?"

"అంతే అత్తయ్యా."

"అంతేనంటే? ఆ పిల్ల కష్టపడి సంపాదించుకుంది కదే!"

లవ్ అంటే సున్నా అని చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించింది. తరవాత గల్ఫ్ నుంచి మావయ్య ఫోన్ చేస్తే, "మీకు ఇంగ్లీషులో లవ్ అంటే ఏంటో తెలుసా? ఏం లేదని!" అని చెప్పింది. ఆయన కంగారుపడి వారం తిరక్కుండా ఉత్తరం రాశారు. మా నాన్న కూడా అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవారు. టాప్ సీడ్ అన్న మాట వినబడగానే, "అదేం రకవే? ఎకరానికి ఎన్ని బస్తాలు?" అని అడిగి అత్తయ్య చేత చివాట్లు తినేవారు. మగాళ్ళ ఆట వస్తే అత్తయ్య టీవీ కట్టేసేది. "వాళ్ళు బంతిని బాదుతారే. వీళ్ళు ఆడతారు," అనేది.

ఇలా ఏడెనిమిదేళ్ళు గడిచాయి. రెండువేలు దాటాక నేను హైదరాబాద్‌లో పీజీ చదువుతుండగా, ఒకరోజు హాస్టల్‌కి ఫోన్ వచ్చింది.

"అమ్మడూ, ఆడవాళ్ళ టెన్నిసు మీ ఊళ్ళోనే ఆడుతున్నారట కదే! పేపర్లో వేసేరు. ఇంతమంది వస్తే నాతో ఒక్క మాట చెప్పవే నువ్వు?"

వాళ్ళు నాకు చెప్పి రాలేదని అనేలోపే, "నేను బయల్దేరుతున్నాను," అని పెట్టేసింది.

రావులపాలెంలో బస్సెక్కి, పక్క సీటావిడ ఏం పని మీద వెళ్తున్నారని అడిగితే, "కోర్టు చూడ్డానికండీ" అందట. ఆవిడ అయ్యో అని చెయ్యి పట్టుకుని, తన మరిది పొలం తగాదా దగ్గర్నుంచి మొదలుపెట్టి ప్లీడర్లు ఎలా తిప్పుతారో తెల్లవార్లూ చెప్పిందట. దిగేటప్పుడు, "ధైర్యంగా ఉండండి, న్యాయం మీ పక్కనే ఉంది," అందట. "ఆవిడా నా పొడుగమ్మాయి పక్షమే కాబోలు," అంది అత్తయ్య నాతో, సంతోషంగా.

పొడుగమ్మాయి అంటే అత్తయ్య పేపర్లో ఫోటో చూసి ఎంచుకున్న మనిషి. అసలు పేరు మా ఇద్దరికీ నోరు తిరగలేదు. ఏ దేశమో అత్తయ్యకి అక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళాం. పనిరోజు కాబట్టి స్టాండ్లన్నీ బోసిగా ఉన్నాయి. మేం ముందు వరసలోనే కూర్చున్నాం. అత్తయ్య గద్వాల చీర కట్టుకుని, ఒళ్ళో పెద్ద స్టీలు డబ్బా పెట్టుకుంది. దాన్నిండా పూతరేకులు. గేటు దగ్గర కుర్రాడు లోపలికి తేకూడదంటే, అతన్ని "బాబూ" అని పిలిచి రెండు తినిపించి తెచ్చింది.

పొడుగమ్మాయి కోర్టులోకొచ్చింది. ఎండ తగలకుండా ముక్కుకి తెల్లటి క్రీము పట్టించుకుంది.

"ముక్కుకి సున్నం రాసుకుందేంటే? తేలుగాని కుట్టిందా?"

ఆట మొదలైంది. బంతి కొట్టినప్పుడల్లా ఆ అమ్మాయి గట్టిగా మూలిగేది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "టీవీలో సౌండు తగ్గించేసేదాన్ని, తెలీలేదు. పాపం, ఎక్కడో నెప్పి ఉందే ఈ పిల్లకి."

నెప్పి సంగతేమో కాని సర్వీసు మాత్రం పడటం లేదు. ఒకటి నెట్‌కి, ఒకటి గీత బయటకి. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టులో ఆమె బంతి ఎగరేయబోతుండగా, ఆకు కదిలినా వినబడేంత నిశ్శబ్దంలో, మా అత్తయ్య లేచి నిలబడింది.

"మణికట్టు తిప్పమ్మా! మణికట్టూ!"

పొడుగమ్మాయి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైరు మైకులో, "క్వయట్ ప్లీజ్, థాంక్యూ," అన్నాడు.

"నాకెందుకే థాంక్సు చెబుతున్నాడు?" అని నన్నడిగి, జవాబు కోసం ఆగకుండా అత్తయ్య అంపైరుకి రెండు చేతులూ జోడించింది. "ఆయ్, పర్లేదండీ! ఇందులో ఏవుందండీ!"

ఉన్న కొద్దిమందీ గొల్లుమన్నారు. బంతులందించే పిల్లలు నవ్వారు. పొడుగమ్మాయి కూడా రాకెట్టు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కుర్చీ కిందకి దూరిపోదామని చూశాను కాని అక్కడ డబ్బా మూత ఉంది.

ఆ నవ్వు వల్లో మరి దేనివల్లో, ఆ అమ్మాయి చేతులు వదులయ్యాయి. సర్వీసు పడటం మొదలైంది. రెండో సెట్టు గెలిచింది. మూడోదీ గెలిచింది. అత్తయ్య నా వైపు చూసిన చూపుని నేను ఏనాటికీ మరిచిపోలేను. కప్పు తనకే ఇస్తారేమో అన్నట్టుంది.

ఆట అయ్యాక, ఆటగాళ్ళు బయటకెళ్ళే దారి పక్కన కంచె దగ్గర నిలబడ్డాం. పొడుగమ్మాయి అత్తయ్యని గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. వెనకాలే ఆ అమ్మాయి కోచ్, ఎర్రగా లావుగా ఉన్నాయన కూడా వచ్చాడు. అత్తయ్య డబ్బా తెరిచి ఒక పూతరేకు చేతిలో పెట్టింది.

ఆ అమ్మాయి థాంక్యూ చెప్పి, శ్రద్ధగా పొరలన్నీ విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో రేకూ ఒలిచి, కింద పడెయ్యడం మర్యాద కాదని కోచ్ చేతిలో పెడుతోంది. చివరికి లోపల మిగిలిన పంచదార పొడి, జీడిపప్పు ముక్కలు నోట్లో వేసుకుని తల ఊపింది.

"అయ్యో అయ్యో, అది పొట్లం కాదని చెప్పవే!"

నా ఇంగ్లీషు ఆ క్షణంలో చెప్పకుండా వెళ్ళిపోయింది. "ఇట్ ఈజ్ పేపర్," అన్నాను. "బట్ నాట్ పేపర్."

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. ఇక అత్తయ్యే ఒకటి తీసి, నోరు పెద్దగా తెరిచి, మొత్తం కొరికి, కళ్ళు మూసుకుని నమిలి చూపించింది. పొడుగమ్మాయి భయపడుతూ ఒకటి కొరికింది. కొరికి కోచ్ వైపు చూసింది. కోచ్ తన చేతిలో ఉన్న రేకుల్ని అనుమానంగా చూసి, నోట్లో పెట్టుకున్నాడు. తరవాత ఇద్దరూ కలిసి డబ్బాలో సగం ఖాళీ చేశారు. మిగతా సగం అత్తయ్య బలవంతం మీద వాళ్ళ సంచీలోకి వెళ్ళింది.

మర్నాడు సెమీఫైనల్. అత్తయ్య నోరు మెదపలేదు. నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను, లేవనివ్వకుండా. కాని పొడుగమ్మాయి సర్వీసు మళ్ళీ మొదటికొచ్చింది. మధ్యలో రాకెట్టు చేతిలోంచి ఒకసారి జారింది. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అత్తయ్య ముఖం పాలిపోయింది.

"నెయ్యే," అంది. "నా నెయ్యేనే అది. అస్సలు వదలదు. పాపం ఆ పిల్లకి సబ్బుతో కడుక్కోవాలని ఎవరు చెబుతారు?"

"నిన్న తిన్నది అత్తయ్యా, ఇవాళ్టిదాకా ఉంటుందా?"

"మిగిలినవి పొద్దున్న తినుంటుంది. నేనేగా సంచీలో కుక్కేను."

గంట తిరక్కుండా ఓడిపోయింది. అత్తయ్య కళ్ళొత్తుకుంటూ మళ్ళీ కంచె దగ్గరకి నడిచింది. నేను వద్దంటే వినలేదు. పొడుగమ్మాయి సంచీ భుజాన వేసుకుని తల దించుకుని వస్తోంది. అత్తయ్యని చూసి ఆగింది.

"నావల్లే ఓడిపోయేవమ్మా, తప్పయిపోయింది అని చెప్పవే."

రాత్రంతా ఇంగ్లీషు సర్దుకున్నాను కాబట్టి ఈసారి చెప్పగలిగాను. మా అత్తయ్య తన నెయ్యి తరఫున క్షమాపణ అడుగుతోందన్నాను. ఆ అమ్మాయి అర్థం కాక మళ్ళీ చెప్పించుకుంది. అర్థమయ్యాక సంచీ కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. తన సర్వీసు అయిదేళ్ళుగా ఇంతేనని, చేతికి పట్టింది చెమటేనని, నెయ్యి చాలా బావుందని చెప్పింది. ఇంకా పేపర్ స్వీట్ ఉందా అని అడిగింది కూడా.

నేను తెలుగులో చెప్పాను. అత్తయ్య నమ్మలేదు.

"నా మనసు కష్టపెట్టకూడదని అలా అంటోందే. ఎంత మర్యాద! కోనసీమలో పుట్టాల్సిన పిల్ల."

కంచె మీదనుంచి చెయ్యి చాపి ఆమె బుగ్గ నిమిరి మెటికలు విరిచింది. పొడుగమ్మాయి అది మా దేశపు ఆచారమనుకుని, తనూ అత్తయ్య బుగ్గ నిమిరి, మెటికలు విరవబోయింది. శబ్దం రాలేదు. అత్తయ్య ఆమె వేళ్ళు సరిచేసి పెట్టి, రెండోసారి చేయించింది. ఈసారి వచ్చింది.

సాయంత్రం బస్టాండుకి ఆటో మాట్లాడుకున్నాం. స్టేడియం దగ్గర ఎక్కాం కదా అని డ్రైవరు, "ఎవరు గెలిచారమ్మా?" అని అడిగాడు.

"గెలిచిన పిల్ల సంగతి నేను చూళ్ళేదండీ," అంది అత్తయ్య. "ఓడిపోయినమ్మాయి గురించి అడగండి, చెబుతాను." అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. మొదటి సెట్టు, మొదటి గేము, మొదటి సర్వీసు. మణికట్టు ఎలా తిప్పిందో చెయ్యి బయటకి చాపి చూపించింది. అతను అద్దంలో చూస్తూ, "అరె! తర్వాత?" అంటూ పోయాడు. బస్టాండు మలుపు ఎప్పుడు దాటామో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. వెనక్కి తిప్పుకొచ్చేసరికి రావులపాలెం బస్సు వెళ్ళిపోయింది.

డ్రైవరు నొచ్చుకున్నాడు. ఆటో పక్కకి ఆపి, మాకు టీ తెచ్చి, తనూ ఒకటి పట్టుకుని మా పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాతి బస్సుకి ఇంకా గంట ఉంది. అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టి, చీర సర్దుకుని, రెండో సెట్టు అందుకుంది.